ఏ రేవులో దిగాలి?

గుడియాత్తంలో ఉన్న మా అక్కయ్యకు డెబ్బై రెండేళ్లు. ఆమె కొడుకు అమెరికాలో, సియాటిల్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ వేసవికి అమ్మను పిలిపించుకొని, ఓడ మీద ఉత్తరాన అలాస్కా దాకా తిప్పి చూపిస్తానన్నాడు. ఏడు రోజుల ప్రయాణం. ఓడ ఆగే ఒక్కొక్క రేవులో దిగి ఏమేమి చూడవచ్చునో ఓడవాళ్లు ఒక పట్టిక ఇచ్చారు. దాన్ని అతను ఫోనులో అమ్మకు పంపి, ‘నీకేది ఇష్టమో ఎంచి చెప్పమ్మా, ముందుగా డబ్బు కట్టాలి’ అన్నాడు. పట్టిక ఇంగ్లీషులో ఉంది. అక్కయ్యకు తెలుగు చదవను, రాయను వచ్చు, తమిళం మాట్లాడను వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుచేత ఒక ఆదివారం పొద్దున్నే నేను వేలూరులో బస్సెక్కి గుడియాత్తం చేరాను.

చాప మీద కూర్చుని పట్టిక చదివి అర్థం చెప్పుతూ పోయాను. జూనో అనే రేవులో దిగితే పడవ మీద తీసుకుపోయి తిమింగిలాలు చూపిస్తారు. కెచికాన్‌లో సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదే కాలువ. స్కాగ్వేలో కొండ మీదికి పోయే రైలు. 1898లో బంగారం కోసం జనం ఎగబడినప్పుడు ఆ రైలుదారి వేయడం మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు. ఒకప్పుడు మన కాట్పాడి-తిరుపతి మధ్య నడిచిన మీటరు గేజి కన్నా సన్నని పట్టాలు. ఇక గ్లేషియర్ బే అనే చోట దిగడమే లేదు. ఓడ మంచుకొండ దగ్గర దాకా పోయి నిలుస్తుంది, అందరూ ఓడ మీది నుంచే చూడాలి. 1794లో ఇంగ్లీషు నావికులు వచ్చినప్పుడు ఆ మంచు సముద్రపు ముఖద్వారం దాకా ఉండేదనీ, తరువాత వంద కిలోమీటర్లు వెనక్కి తగ్గిందనీ చెప్పాను.

అక్కయ్య అన్నీ విని, ‘‘ఆడ గుడి ఏమన్నా ఉండాదా?’’ అంది.

‘‘పట్టికలో లేదక్కా.’’

‘‘ఎప్పుడు పోయేది?’’

‘‘మే నుంచి సెప్టెంబరు దాకా ఓడలు నడుస్తాయి.’’

‘‘అయితే శిరసు అయినాకనే.’’

వైకాశి మొదటి రోజున గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఊరేగింపు. అది చూడకుండా ఆమె ఊరు కదలదని నాకు తెలుసు. ఆ మాట ఒప్పుకొన్నాను. తరువాత ఆమె అడిగిన ప్రశ్నకే నా దగ్గర జవాబు లేకపోయింది.

‘‘అది సరేరా తమ్ముడూ, ఇవన్నీ చూసి వచ్చి నేను ఎవురికి చెప్పేది? ఆ పిల్లోళ్లు నాతోనే వస్తారు, వాళ్లకు చెప్పే పని లేదు. ఈడ వింటానికి ఎవురుండారు? రాసి పెడదామంటే చదివేదెవురు?’’

తిరుగు బస్సులో ఆ మాటే చెవిలో మెదులుతూ వచ్చింది. ఇంటికి రాగానే బీరువాలో నుంచి ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ తీశాను. పొద్దున పట్టికకు అర్థం చెప్పుతున్నప్పుడే ఆయన గుర్తుకు వచ్చారు. ఆయన వృత్తి కూడా అదే గదా: ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేటట్టు చెప్పడం. చెన్నపట్టణం సుప్రీం కోర్టులో ఆయన ఇంటర్‌ప్రిటరు.

1830 మే 18వ తేదీ రాత్రి ఆయన చెన్నపట్టణం విడిచి ఉత్తరానికి బయలుదేరారు. వెంట వందమంది దాకా పరివారం. పల్లకీలు, బోయీలు, డేరాలు. రైలు లేదు, మన దేశంలో జనం ఎక్కే రైలు రావడానికి ఇంకా 23 ఏళ్లు ఉంది. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, మిర్జాపూరుల మీదుగా ప్రయాగ, కాశీ చేరారు. గంగ దగ్గరికి వచ్చాక పడవలు కూడా ఉపయోగపడ్డాయి. పాట్నా, గయ, కలకత్తా, పూరీ చూసుకొని, తూర్పు తీరం పట్టి నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణం తిరిగివచ్చారు. పదిహేను నెలలకు పైబడిన యాత్ర. ఆయన దారి మన వేలూరును తాకలేదు.

ఆయన చేతిలో పట్టిక లేదు. పట్టిక తయారు చేసిందే ఆయన. ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎంత దూరం, దారి రాతిదా రేగడిదా, ఏరు దాటడం ఎట్లా, ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటు దొరుకుతుందా అని రోజూ రాస్తూ పోయారు. తరువాత వచ్చేవాడు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకుండా సాగిపోవాలో తేల్చుకోవడానికి అది చాలు.

నది వెంట పోయేవాడికి ఈ ఎంపిక తప్పదు. గయనే తీసుకోండి. గయ గంగ ఒడ్డున లేదు. పాట్నా దగ్గర నదిని వదిలి, సుమారు వంద కిలోమీటర్లు దక్షిణంగా లోపలికి పోవాలి. ఈనాటి మాటలో చెప్పాలంటే రేవులో దిగి చేసే పక్క ప్రయాణం. అక్కడికి చేరాక మళ్లీ ఎంపికే. గయలో పిండప్రదానం చేసే వేదులు నేడు 45 అని లెక్క. అన్నిటి దగ్గరా పిండం పెట్టేవాళ్లు పదిహేడు రోజులు ఉంటారు. తీరిక లేనివాళ్లు ఫల్గునది, విష్ణుపదం, అక్షయవటం ఈ మూడింటితో ముగిస్తారు. పైగా ఆ రోజుల్లో ప్రయాగలో, గయలో, పూరీలో కంపెనీ ప్రభుత్వం యాత్రికుల నుంచి పన్ను వసూలు చేసేది. గయలో అయితే చేయదలచిన కర్మలను బట్టి రుసుము మారేది. ఆ పన్నును 1840లో చట్టం చేసి ఎత్తేశారు. మా మేనల్లుడు పంపిన పట్టికలో ఒక్కొక్క వేడుకకు ఒక్కొక్క ధర చూసినప్పుడు నాకు ఆ గయ పన్ను గుర్తుకు వచ్చింది. మనిషి ఓపికనూ సంచినీ చూసి యాత్రకు ధర కట్టడం నిన్నా మొన్నా పుట్టిన పద్ధతి కాదన్నమాట.

గంగ మీద క్రమం తప్పక పొగ ఓడలు నడవడం 1834లో మొదలైంది. వీరాస్వామయ్యగారికి అవి దక్కలేదు. ఇప్పుడు అదే గంగ మీద విలాస నౌక కూడా నడిచింది. 2023 జనవరి 13న వారణాసిలో బయలుదేరిన ‘గంగా విలాస్’ ఓడలో 36 మందికి చోటు. డిబ్రూగఢ్ దాకా సుమారు 3,200 కిలోమీటర్లు, 51 రోజుల ప్రయాణమని ప్రకటించారు. దాని పట్టికలో కూడా దిగి చూడవలసిన చోట్లు చాలానే ఉన్నాయి.

ఎంచుకునే వీలు లేని ఉత్తరాది ప్రయాణం కూడా ఒకటి మన వేలూరు చరిత్రలో ఉంది. శ్రీరంగపట్టణం పడిపోయిన 1799 తరువాత టిప్పు సుల్తాను కుటుంబాన్ని కంపెనీవాళ్లు తెచ్చి వేలూరు కోటలో ఉంచారు. 1806 జూలై 10న కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు అణిగాక టిప్పు కొడుకులను ఇక్కడ ఉంచితే ప్రమాదమని కలకత్తాకు తరలించారు. ఎక్కడ ఆగుతారు, ఏం చూస్తారు అని వాళ్లను అడిగినవారు లేరు. ఆ కొడుకుల్లో ఒకడైన గులాం మహమ్మద్ 1842లో కలకత్తా ధర్మతలాలో కట్టించిన మసీదు ఈనాటికీ ఉంది. వీరాస్వామయ్యగారు కలకత్తా చేరేనాటికి మన కోట నుంచి పోయినవాళ్లు అక్కడ కాపురం పెట్టి పాతికేళ్లు కావస్తున్నది. అదే కలకత్తాకు ఒకరు తమ ఇష్టంతో పోయి తిరిగి వచ్చారు. మరొకరు ఒకరి ఆజ్ఞతో పోయి అక్కడే ఉండిపోయారు. ఏ రేవులో దిగాలో మనమే ఎంచుకోగలగడం ఎంత భాగ్యమో వేలూరు కోట గోడ పక్కన నడిచే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అక్కయ్య ప్రశ్నకు జవాబు మాత్రం ఎంపికలో లేదు. ఆ పుస్తకం పుట్టిన తీరులో ఉంది. వీరాస్వామయ్యగారు దారి పొడుగునా రాసిన సంగతులను చెన్నపట్టణంలో ఉన్న తమ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి పంపుతూ వచ్చారు. పిళ్లగారు వాటిని పారేయలేదు, కూర్చిపెట్టారు. వీరాస్వామయ్యగారు 1836లో పోయారు. రెండేళ్లకు, 1838లో, పిళ్లగారు ఆ రాతలను పుస్తకంగా అచ్చు వేయించారు. 1869లో మరోసారి అచ్చయింది. తరువాత మరుగున పడితే, బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి 1941లో మూడోసారి వెలుగులోకి తెచ్చారు. కాశీకి పోయినవాళ్లు ఆ కాలంలో వేలకొద్దీ ఉంటారు. మనకు దక్కింది, ఇంటి దగ్గర చదివేవాడు ఒకడున్న యాత్రికుడి యాత్ర.

మరొక్క సంగతి చెప్పాలి. తెలుగులో ఇంత పెద్ద యాత్రాగ్రంథం రాసినవారిదీ, దాన్ని కాపాడినవారిదీ చెన్నపట్టణమే. ఇప్పుడు మనం ఉన్న రాష్ట్రంలోనే అది అచ్చయింది. మన ఊళ్లలో తెలుగు ఎవరో తెచ్చి పెట్టినది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరూ వేలూరూ గుడియాత్తమూ ఒకే ఉత్తరార్కాటు జిల్లా. గీత గీసినప్పుడు మనం ఇవతల ఉండిపోయాము. 2006లో వచ్చిన చట్టంతో ఈ రాష్ట్రంలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడంలో నష్టమేమీ లేదు. అది మన వీధి భాష, మన పొరుగు భాష. కాని దానితో పాటు తెలుగు అక్షరాలు నేర్పే పని ఇంటి మీద పడింది. ఆ పని ఎన్ని ఇళ్లలో జరుగుతున్నదో ఎవరి ఇల్లు వాళ్లు చూసుకోవాలి. మా ఇంటి సంగతి చెప్పుకోవడానికి నాకే సిగ్గు. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, గోడ మీది తెలుగు కేలండరు చదవలేరు.

రెండు వారాల తరువాత మళ్లీ గుడియాత్తం వెళ్లాను. అక్కయ్య అప్పటికే ఎంచుకొని ఉంది. స్కాగ్వేలో రైలు కావాలి. మా బావగారు జోలార్‌పేటలో రైల్వే ఉద్యోగం చేసినవారు. ‘‘ఆయన ఉండుంటే ఆ రైలే చూడాలనుండు’’ అంది. తిమింగిలాలు పిల్లల కోసం సరేనంది. కెచికాన్‌లో దిగనంది. ఎందుకంటే, ‘‘అందురూ దిగిపోతే ఓడ నిమ్మళంగా ఉంటాది. ఆ పూట కూసోని రాసుకుంటా’’ అంది.

వీరాస్వామయ్యగారి సంగతి ఆమెకు చెప్పాను. శ్రీనివాసపిళ్లగారి సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. తరువాత బజారుకు మనిషిని పంపి రెండు వందల పేజీల గీతల పుస్తకం తెప్పించింది. రేవుల పేర్లు తెలుగులో రాసిమ్మంటే మొదటి పేజీలో రాసిచ్చాను: జూనో, కెచికాన్, స్కాగ్వే. కూడబలుక్కొని చదివింది.

అక్కయ్య కూతురి కూతురు, ఆరో తరగతి పిల్ల, పక్కనే కూర్చుని పుస్తకంలోకి తొంగిచూస్తున్నది. ‘‘అవ్వా, ఈ అక్షరం ఏంది?’’ అని ‘స్కా’ మీద వేలు పెట్టింది.

‘‘ముందు ‘క’ నేర్చుకో’’ అంది అక్కయ్య. ‘‘నేను పోయొచ్చేలోపల అన్నీ నేర్చుకోవాల. ఈ బుక్కు నువ్వే చదివి నాకు వినిపించాల.’’

శిరసుకు ఇంకా మూడు నెలలు ఉంది. ఆదివారం ఆదివారం వచ్చి ఆ పిల్లకు అక్షరాలు దిద్దిస్తానని మాట ఇచ్చి బస్సెక్కాను. ఇప్పటికి రెండు ఆదివారాలు అయినాయి. ‘ట’ దాకా వచ్చింది.