మన సీమలో లెక్కల చదువు
తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల గణితవిద్యా చరిత్ర

ఈ సంవత్సరపు మహాసభల సంచికకు మన ప్రాంత చరిత్రను గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, రాజుల కథలకంటెను, వంశవృక్షములకంటెను లెక్కల చదువు చరిత్రయే మనకెక్కువ యుపకరించునని మాకు తోచినది. ఏలయన, మన తాతలలో పెక్కురు పొలము దున్నుట యెరిగియుండియు, ఆ పొలముపై వ్రాసియిచ్చిన పత్రములోని వడ్డీని లెక్కగట్ట నెరుగకుండిరి. ఆ లోటు ఎట్లు తీరినదో, ఎంతవరకు తీరినదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

గణితము మనకు పరాయి విద్య కాదు. 9వ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన 11వ శతాబ్దమున తెలుగు పద్యములుగా సంతరించెను. ఆయన కమ్మనాటి పావులూరివాడు. తెలుగున గ్రంథములు పుట్టిన తొలినాళ్లలోనే లెక్కల గ్రంథము వెలయుట మనకు గర్వకారణమే. అయినను గ్రంథమున్నంత మాత్రమున విద్య అందరిదగునా? అది కరణముల యిండ్లను, వర్తకుల అంగళ్లను దాటి సామాన్యుని ముంగిట నడుగిడుటకు ఇంకను అనేక శతాబ్దములు పట్టినది.

1822లో మద్రాసు గవర్నరగు సర్ తామస్ మన్రో దేశీయ పాఠశాలల లెక్క తీయించెను. అప్పుడు గుంటూరు జిల్లాలో 574 బడులున్నట్లు తేలినది. రాజధాని యంతటను 12,498 బడులు, వానిలో 1,88,650 మంది విద్యార్థులు; అందు బాలికలు 4,540 మంది మాత్రమే. ఆ వీధిబడులలో పిల్లలు ఇసుకపై అంకెలు దిద్దుచు, ఎక్కములను ఎలుగెత్తి వల్లించుచుండిరి. మన పూర్వుల భిన్నగణితము నాలుగుతో నడచెడిది. ఒకటిలో నాలుగవ వంతు పాతిక, పాతికలో నాలుగవ వంతు వీసము, వీసములో నాలుగవ వంతు కాని. ఈ భిన్నముల ఎక్కములు నోటికి వచ్చినవాడు పలక లేకయే బేరము తేల్చగలిగెడివాడు. ఆ నోటిలెక్కను తక్కువ చేయరాదు. కాని అందు ఎట్లన్నది కలదు, ఏలయన్నది లేదు. పంతులుగారు చెప్పినది వల్లించుటయే గాని అడుగు వాడుక లేకుండెను.

ఇక సర్కారు ఏర్పాటులు. 1884 స్థానిక బోర్డుల చట్టముచే జిల్లా బోర్డులును, తాలూకా బోర్డులును ఏర్పడినవి. 1904లో కృష్ణాజిల్లానుండి విడివడి గుంటూరు జిల్లా వెలసెను. 1920లో ప్రాథమిక విద్యా చట్టము వచ్చెను. 1934లో తాలూకా బోర్డులు రద్దు కాగా వాని భారము జిల్లా బోర్డులపై బడెను. ఈ బోర్డుల ఆదాయములో భూమిపై విధించిన సెస్సు ముఖ్యమైనది. అనగా, బడిని నిలిపినది రైతు చెల్లించిన సొమ్మే. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియై, కాలువనీటితో మన సీమలో మాగాణి పెరిగెను. మాగాణితో శిస్తు, శిస్తుతో సెస్సు, సెస్సుతో బడి. మన పిల్లల చదువునకు ఇట్టి వంశావళి కలదు.

ఆ బడిలో నేర్చిన లెక్కకు విలువ యెంతయో ఒక్క ఉదాహరణముచే చూపెదము. నూటికి నెలకు రూపాయి వడ్డీపై ఒక రైతు 100 రూపాయలు అప్పు తెచ్చెననుకొందము. సాధారణ వడ్డీయైనచో పదియేండ్లకు అసలుతో గూడ 220 రూపాయలు. పత్రములో ఏటేట వడ్డీని అసలులో కలుపవలెనని ఒక్క మాట యున్నచో అది 310 రూపాయల 9 అణాలగును. ఆ ఒక్క మాట వెల 90 రూపాయలకు పైబడినది! నిశానీ వేసినవానికి ఈ భేదము తెలియుటెట్లు? 1938లో మద్రాసు ప్రభుత్వము రైతు ఋణవిమోచన చట్టము చేసి, అసలునకు రెండింతలు చెల్లించియున్న రైతుయొక్క అప్పు తీరినట్లే భావించునట్లు ఏర్పరచెను. కాని తాను రెండింతలు చెల్లించితినని చూపుటకును లెక్క రావలెను గదా! చట్టము ద్వారము తెరచును. లోనికి నడుచుటకు చదువు కావలెను.

ఉన్నతవిద్యలో బాపట్లను తలపక తప్పదు. 1920లో మచిలీపట్టణమున జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్ గారు ఉన్నత పాఠశాల చదువును బాపట్లలోనే ముగించిరి. పిదప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, ఆనందరావు గారి యొద్ద పరిశోధన చేసి, అమెరికాలోని ప్రిన్స్‌టన్ చేరిరి. 1949లో హోమీ భాభా ఆహ్వానముపై బొంబాయిలోని టాటా పరిశోధనాసంస్థకు వచ్చి గణితశాఖను తీర్చిదిద్దిరి. 1965 మొదలు జ్యూరిక్ నగరమున ఆచార్యపదవి వహించిరి. 1971 మొదలు 1974 వరకు అంతర్జాతీయ గణితసంఘమునకు అధ్యక్షులుగానుండి, 2017లో దివంగతులైరి. ఆయన ఏ కులమువారని ఈ సభలో ఎవరును అడుగకుందురు గాక. తాలూకా పట్టణపు బడి బల్లపై కూర్చున్న బాలుడు ప్రపంచ గణితజ్ఞులకు అధ్యక్షుడు కాగలడనుటయే మనము గ్రహింపవలసిన పాఠము.

స్వాతంత్ర్యానంతరము 1957 ఏప్రిల్ 1 నుండి దశాంశ నాణెములు చెలామణిలోనికి వచ్చెను. రూపాయికి 16 అణాలు, 192 పైసలను పాతలెక్క పోయి, 100 నయాపైసలు వచ్చినవి. వీశెలును, మణుగులును పోయి కిలోగ్రాములు వచ్చినవి. పిల్లల వీపులపై ఎక్కముల మోత కొంత తగ్గినది. 1959 చట్టముచే జిల్లా పరిషత్తులు ఏర్పడి, జిల్లా బోర్డుల ఉన్నత పాఠశాలలు వాని పాలనలోనికి వచ్చెను.

అయినను ఒక అన్యాయమును దాచరాదు. 1960 దశకమున మన ఉన్నత పాఠశాలలలో కాంపోజిట్ లెక్కలనియు, జనరల్ లెక్కలనియు రెండు తెరగులుండెను. ఇంజనీరు చదువునకు దారి కాంపోజిట్‌దే. పదునాలుగేండ్ల ప్రాయమున చేసిన ఆ యెంపిక బ్రతుకంతయు నిర్ణయించెడిది. ఆడపిల్లకు జనరల్ చాలునని తీర్పు చెప్పినవారు సర్కారువారు కారు, మన యిండ్లలోని పెద్దలే. వీసము లెక్క కట్టి పాలు, పెరుగు అమ్మి సంసారములను నిలిపిన తల్లుల కూతుండ్రకు బీజగణితము రాదనుటకు మనకేమి ఆధారముండెను? ఏమియు లేదు. ఆ తప్పును ఒప్పుకొనుట ఈ చరిత్రలో మన పాలు.

నేడు బడులకు కొదువ లేదు. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందు చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఎల్లలు మారినను బిడ్డల అవసరము మారలేదు. నాడు వీధిబడిలో ఎక్కములు వల్లించిరి; నేడు ర్యాంకుల కొరకు సూత్రములు వల్లించుచున్నారు. ఏలయని అడుగు బిడ్డ నాడును అరుదే, నేడును అరుదే. పత్రములోని ఒక్క మాట వెల తొంబది రూపాయలని పసిగట్టువాడు వల్లించినవాడు కాడు, అడిగినవాడు.

కావున మహారాజపోషకులకును, సభ్యులకును మా విన్నపము మూడు మాటలు. వసతిగృహములకు, కల్యాణమండపములకు ఇచ్చు విరాళములలో ఒక వీసము పాలు మీ ఊరి జిల్లా పరిషత్తు పాఠశాలలో లెక్కలు చదువు బాలికలకు కేటాయింపుడు. లెక్కల ఉపాధ్యాయులను మన సభావేదికపై రాజకీయ నాయకులకంటె ముందు సన్మానింపుడు. మీ యిండ్లలో అటకలపై నున్న పాత చిట్టాలను, నోట్లను చెదలపాలు చేయక భద్రపరుపుడు. వానిలో మన తాతల కష్టము అంకెలుగా నున్నది. ఆ అంకెలను చదువగల మనుమరాలు మీ యింట పెరుగుగాక యని కోరుచు విరమించుచున్నాము.