పాంటియానాక్ ఎలా చచ్చిపోయింది? ఒక్కో సినిమాలో ఒక్కో జవాబు

ఈ ఆదివారం పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. పోర్ట్ క్లాంగ్ లో రాత్రి షిఫ్ట్ చేసేవాళ్ళకి పాంటియానాక్ పేరు కొత్త కాదు. తెల్ల గౌను, విరబోసిన జుట్టు, అరటిచెట్టు, ఉన్నట్టుండి పూల వాసన. మాతో పనిచేసే మలయ్ అన్నలు చీకటి పడ్డాక ఆ పేరు కూడా ఎత్తరు. మన కామినీ దెయ్యానికి అక్క అనుకోండి. కాన్పులో చనిపోయిన ఆడమనిషి ఇలా మారుతుందని ఇక్కడి నమ్మకం.

సినిమాల కంటే ముందు ఒక పుస్తకం సంగతి చెప్పాలి. సెలంగోర్ లో ఉద్యోగం చేసిన స్కీట్ అనే ఇంగ్లీషు అధికారి 1900లో 'మలయ్ మ్యాజిక్' అని ఒక పెద్ద పుస్తకం వేశాడు. మన ఈ రేవు పోర్ట్ స్వెట్టెన్‌హామ్ పేరుతో తెరుచుకోవడానికి ఏడాది ముందన్నమాట. అందులో కాన్పులో పోయిన తల్లి పేరు లాంగ్సూయిర్. పాంటియానాక్ అంటే చచ్చి పుట్టిన బిడ్డ! తర్వాత తర్వాత బిడ్డ పేరే తల్లికి వచ్చేసింది.

అలా పోయిన తల్లి దెయ్యం కాకుండా ఏం చేసేవాళ్ళో కూడా రాశాడు. శవం నోట్లో గాజుపూసలు పోసేవాళ్ళట, కేక పెట్టకుండా. చంకల్లో కోడిగుడ్లు పెట్టేవాళ్ళు, చేతులు ఊపి ఎగరకుండా. అరచేతుల్లో సూదులు. ఒకవేళ దెయ్యమై దొరికితే, దాని గోళ్ళు, జుట్టు కత్తిరించి మెడ వెనక ఉన్న రంధ్రంలో కుక్కితే మామూలు ఆడదానిలా కాపురం చేస్తుందట, పిల్లల్ని కంటుందట. ఊళ్ళో పండగలో ఒక్కసారి ఆడనిస్తే మాత్రం మళ్ళీ ఎగిరిపోతుంది. ఈ కథలో గమనించండి, ఆమె చావుకి ఎవరూ కారణం కాదు. కాన్పు కష్టమైంది, పోయింది. అంతే.

ఇప్పుడు సినిమాలకి వద్దాం. 1957 ఏప్రిల్ లో సింగపూర్ క్యాథే హాల్లో 'పాంటియానాక్' విడుదలైంది. మలయా స్వాతంత్ర్యానికి నాలుగు నెలల ముందు. తీసింది క్యాథే-కెరిస్ స్టూడియో, డైరెక్టర్ బి.ఎన్. రావు. పేరు చూసి మనవాడే అనుకునేరు, ఆయన కేరళలో పుట్టినవాడు. అంతకుముందు తమిళ సినిమాలు తీశాడు. హీరోయిన్ మరియా మెనాడో, కథ రాసింది అప్పటి ఆమె భర్త అబ్దుల్ రజాక్. దగ్గర దగ్గర మూడు నెలలు ఆడింది.

ఇందులో కాన్పు చావు లేనే లేదు. చోమెల్ అనే గూని పిల్ల మంత్రం మందుతో అందగత్తె అవుతుంది. షరతు ఒక్కటే, రక్తం రుచి చూడకూడదు. పెళ్ళవుతుంది, కూతురు పుడుతుంది. ఒకరోజు మొగుణ్ణి పాము కరుస్తుంది. ఆయన్ని బతికించాలని నోటితో విషం లాగుతుంది, నెత్తురు నాలిక్కి తగులుతుంది, దెయ్యమైపోతుంది. నాకైతే మన సావిత్రి కథ తిరగేసినట్టు అనిపించింది. మొగుడి ప్రాణం కాపాడినందుకు ఈమెకి దక్కింది శాపం. 1958లో వచ్చిన మూడో భాగం 'సుంపా పాంటియానాక్'లో ఆమె కూతుర్ని కాపాడే తల్లి. మొదటి సినిమా ఇప్పుడు చూద్దామన్నా దొరకదు. రీళ్ళని నిర్మాత హో ఆ లోక్ గని గుంటలో పారేశాడని చెప్పుకుంటారు.

తర్వాత మలేషియాలో సెన్సారు గట్టిపడి, ఈ కథ చాలా ఏళ్ళు పక్కన పడింది. 2004లో షుహైమీ బాబా అనే మహిళా డైరెక్టర్ 'పాంటియానాక్ హారుమ్ సుందల్ మాలం'తో తిరిగి తెచ్చింది. పేరులో ఉన్న పువ్వు మన నేలసంపెంగే. ఇందులో మెరియం గామెలాన్ సంగీతానికి ఆడే నాట్యగత్తె. ఆమె మీద కన్నేసిన మర్సానీ వల్ల కడుపుతో ఉండగా హత్యకి గురవుతుంది. ఏళ్ళ తర్వాత ఆ కుటుంబం మీదికి వస్తుంది. 2019లో వచ్చిన 'దెందాం పాంటియానాక్' ఇంకో అడుగు ముందుకేసింది. 1965 నాటి పల్లెటూరు, పెళ్ళికొడుకు ఖాలిద్. అతను గతంలో చంపిన గర్భిణి మీనా తిరిగొస్తుంది. అంటే హంతకుడు హీరో స్థానంలోనే కూర్చున్నాడు.

వరస చూడండి. 1900లో తప్పు ఎవరిదీ కాదు, తలరాత. 1957లో ఆమె ప్రేమే ఆమె కొంప ముంచింది. 2004 తర్వాత తప్పు మగాడిది. అదే జుట్టు, అదే తెల్ల గుడ్డ, కానీ మనం భయపడాల్సిన మనిషి మారిపోయాడు. మన గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన కథకి కూడా ఇదే జరిగింది. 2018 హిందీ 'స్త్రీ'లో చివరికి ఆ దెయ్యాన్నే ఊరిని కాపాడమని అడుగుతారు.

ఈ మార్పు మంచిదే, నాకు నచ్చింది. కానీ ఒక్క లోటు ఉంది. సినిమాకి విలన్ కావాలి. పాతకాలంలో కాన్పులో పోయిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి విలన్ ఎవరూ లేడు. డాక్టర్ లేడు, రోడ్డు లేదు, రక్తం ఆగలేదు. ఆ చావు సినిమాకి పనికిరాదు, అందుకే తెర మీంచి మాయమైంది.

మా నానమ్మ వాళ్ళ అక్క మొదటి కాన్పులోనే పోయిందట. చెరువుగట్టు చింతచెట్టు దగ్గర తిరుగుతుందని మా చిన్నప్పుడు భయపెట్టేవాళ్ళు. మొన్న అమ్మకి ఫోన్ చేసి ఆమె పేరేంటని అడిగాను. అమ్మకి తెలీదు. పెద్దనాన్నకీ తెలీదు. దెయ్యం మాత్రం అందరికీ గుర్తుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. పెద్దవాళ్ళు ఉన్నప్పుడే పేరు అడిగి రాసి పెట్టుకోండి. తెలిస్తే ఇక్కడ కింద కూడా రాయండి, చదువుతాను.