గాలికి కట్టిన ధర

పరిశోధన ఏ జవాబు చెప్పిందో చూస్తే చాలదు. ఏ ప్రశ్న వేసుకుందో, ఏ ప్రశ్నను పక్కన పెట్టిందో కూడా చూడాలి. కార్బన్ మార్కెట్ మీద సాగిన పరిశోధన చరిత్ర ఈ సంగతినే రుజువు చేస్తుంది.

దాని బీజాలు పాతవే. కాలుష్యాన్ని హక్కుల తగాదాగా చూడమన్నాడు రోనాల్డ్ కోస్ 1960లో. నీటిని మురికిచేసే హక్కుకు హద్దు కట్టి, ఆ హక్కును అమ్మకానికి పెట్టమన్నాడు కెనడా ఆర్థికవేత్త జాన్ డేల్స్ 1968లో. అలాంటి మార్కెట్ కనీస వ్యయంతో కాలుష్యాన్ని తగ్గించగలదనీ, హక్కులు మొదట ఎవరికి పంచినా ఆ ఫలితం మారదనీ 1972లో డేవిడ్ మాంట్‌గొమరీ గణితంతో చూపాడు.

గణితంలో తప్పు లేదు. కాని ‘ఎవరికి పంచినా’ అన్న ఆ ఒక్క మాటలోనే వర్గ సంబంధాలన్నీ కనుమరుగయ్యాయి. పేదరైతు వరిమడి విడిచే మీథేన్‌నూ, సంపన్నుడి కారు విడిచే బొగ్గుపులుసు వాయువునూ ఒకే తక్కెడలో తూచడం న్యాయమా అని 1991లో ఢిల్లీ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అడిగారు. ఆ ప్రశ్న విశ్వవిద్యాలయాల వెలుపల పుట్టింది.

1997లో క్యోటో ఒప్పందం, 2005లో యూరప్ మార్కెట్ వచ్చాయి. అప్పటినుంచి పరిశోధన ఊహను వదిలి లెక్కకు దిగింది. ఉచితంగా పొందిన అనుమతుల ధరను కరెంటు కంపెనీలు వినియోగదారుడి బిల్లులో కలిపి లాభాలు గడించాయని తేలింది. ఆ మార్కెట్ ఉద్గారాలను కొంత తగ్గించిందని చూపిన అధ్యయనాలూ ఉన్నాయి. ఆ మాట దాచనక్కరలేదు.

అసలు గుట్టు బయటపడింది క్రెడిట్ల దగ్గర. శీతలీకరణ రసాయనాల ఫ్యాక్టరీల్లో వెలువడే వాయువును నాశనం చేయడానికి 10 కోట్ల యూరోలు కూడా కానిచోట, 470 కోట్ల యూరోల విలువైన క్రెడిట్లు దక్కుతున్నాయని 2007లో మైకేల్ వారా లెక్కగట్టాడు. మన దేశంలోని గాలిమరలకు ఆమోదించిన క్రెడిట్లలో కనీసం 52 శాతం, అవి లేకున్నా కట్టి ఉండే కేంద్రాలకే పోయాయని తర్వాతి అధ్యయనం చెప్పింది. ఆరు దేశాల్లోని 26 అటవీ ప్రాజెక్టుల్లో అత్యధికం అడవి నరికివేతను చెప్పుకోదగినంతగా తగ్గించలేదని 2023లో మరొకటి తేల్చింది.

‘ఖర్చు ఎంత?’తో మొదలైన పరిశోధన ‘నిజంగా తగ్గిందా?’ దాకా వచ్చింది. ‘ఆకాశం ఎవరిది?’ అన్నది ఇంకా అంచునే ఉంది. 2023లో మన దేశమూ కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించింది. అడవిని ‘క్రెడిట్’ అనీ, పొగను ‘అనుమతి’ అనీ పిలిచే ఈ భాష రేపు మన వాక్యాల్లోకీ వస్తుంది. ఆ మాటల వెనుక ఉన్న మనిషిని అడిగి తెలుసుకోవలసిన బాధ్యత రచయితది.