పూలతీగా, కూరపాదా?

పెరట్లో ఒక్క పందిరికే చోటున్నప్పుడు దానిమీదికి పూలతీగను పాకించాలా, కూరపాదునా అన్నది పాత ప్రశ్నే. దీనికి జవాబు చెప్పేది మొక్క కాదనీ, వంటిల్లనీ నా అభిప్రాయం. రెండు చిక్కుళ్ళ చరిత్ర అందుకు సాక్ష్యం.

మొదటిది మెక్సికో, మధ్య అమెరికా కొండప్రాంతాలకు చెందిన ఎర్రపూల చిక్కుడు. దీన్ని స్కార్లెట్ రన్నర్ అంటారు. అక్కడివారికి అది అనాదిగా ఆహారమే. 17వ శతాబ్దంలో ఇంగ్లండు చేరాక మాత్రం దాన్ని ముఖ్యంగా పూల కోసమే పెంచారు. 18వ శతాబ్దంలో చెల్సీ ఔషధవనాన్ని చూసుకున్న ఫిలిప్ మిల్లర్ దాని కాయలను కూరగా వాడుకలోకి తెచ్చాడని ప్రతీతి. నేడు ఆంగ్లేయుల పెరళ్ళలో అది పేరున్న కూరగాయ.

రెండవది మన చిక్కుడు. పుట్టిల్లు ఆఫ్రికా అంటారు గాని, దక్షిణ భారతంలో నవీన శిలాయుగపు తవ్వకాలలోనే దీని గింజలు దొరికాయి. అమెరికాలో దీని కథ తిరగబడింది. ఫిలడెల్ఫియా విత్తనాల వ్యాపారి బెర్నార్డ్ మెక్‌మాన్ 1804 నాటికే దీన్ని అమ్మేవాడు. అతని వద్ద విత్తనాలు తెప్పించుకున్న థామస్ జెఫర్సన్ గారి మాంటిచెల్లో తోటలో ఇప్పుడు దీన్ని ఊదాపూల అందం కోసం పందిరికెక్కిస్తున్నారు. అక్కడ చాలామందికి ఇది అలంకారపు తీగ మాత్రమే. విషమన్న హెచ్చరిక కూడా వినిపిస్తుంది.

ఆ హెచ్చరిక ఒట్టిది కాదు. ముదిరి ఎండిన గింజలలో సయనైడును పుట్టించే పదార్థాలుంటాయి. వాటిని పచ్చిగా తినరాదు. నానబెట్టి, నీళ్ళు మార్చి, బాగా ఉడికించాలి. మనవాళ్ళు లేతకాయను కూర వండుతారు. చిత్తూరు వైపు అనపగింజలను నానబెట్టి, పొట్టు పితికి, పితికిపప్పు చేస్తారు. ఏది ఎప్పుడు కోయాలో, ఎలా వండాలో తెలిసిన ఇంట చిక్కుడు కూరపాదు. ఆ తెలివి లేని ఇంట అదే పాదు పూలతీగ.

రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం నివేదించే మనకు అలంకారమూ ఆహారమూ ఒకే పాదుకు కాశాయి. నన్నడిగితే పందిరికి చిక్కుడే. అయితే విత్తనంతో పాటు వండే తీరునూ పిల్లలకు అందించాలి. లేకపోతే ఒకటి రెండు తరాల తరువాత మన పందిళ్ళ మీద కూడా పూలే మిగులుతాయి.