ప్రజారోగ్య పీజీ ప్రవేశ పరీక్షలు

ప్రజారోగ్యంలో పీజీ చదవదలచిన వారిని ఎంపిక చేసే పరీక్షలివి. ఎంబీబీఎస్ చదివి ఎండీ కమ్యూనిటీ మెడిసిన్‌లో చేరాలంటే చాలా కళాశాలలకు నీట్ పీజీ రాయాలి. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఎంపీహెచ్)కు సంస్థను బట్టి పరీక్ష మారుతుంది. అమెరికా వెళ్లేవారికి చాలాకాలం ఎక్కువ చోట్ల జీఆర్ఈ తప్పనిసరిగా ఉండేది. ఈ పరీక్షల చరిత్రలో తెలంగాణకు సంబంధించిన భాగమంతా వరంగల్‌లోనూ హైదరాబాద్‌లోనూ నడిచింది.

మొదట్లో ప్రజారోగ్యం డాక్టర్ల చదువు. 1932లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో కలకత్తాలో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ ఏర్పడింది. 1946లో ఆరోగ్య వ్యవస్థపై భోర్ కమిటీ ఇచ్చిన నివేదిక తర్వాత వైద్య కళాశాలల్లో ప్రజారోగ్య విభాగం నిలదొక్కుకుంది. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో పీజీ వైద్య సీట్ల ప్రవేశ పరీక్షను 1986లో విజయవాడలో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహించేది. నీట్ పీజీ తొలిసారి 2012 చివర జరిగింది. 2013 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. 2017 ప్రవేశాల నుంచి, ఎయిమ్స్ వంటి కొన్ని సంస్థలు తప్ప, అదే ఏకైక దారి. తెలంగాణలో ఆ ర్యాంకుల మీద రాష్ట్ర కోటా సీట్లు కేటాయించేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం.

ఎంబీబీఎస్‌లోని 19 సబ్జెక్టుల్లో కమ్యూనిటీ మెడిసిన్ ఒకటి మాత్రమే. ఎక్కువగా మిగతా 18 తేల్చే ర్యాంకుతో ప్రజారోగ్య నిపుణులను ఎంచుకోవడం పెద్ద లోపం. కౌన్సెలింగ్‌లో కోరిన బ్రాంచి దొరకనివారు ఈ సీటుతో సర్దుకోవడం అందరికీ తెలిసిందే.

డాక్టర్లు కానివారికి తలుపు తీసింది ఎంపీహెచ్. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం 1997లో ఆ కోర్సు ప్రారంభించింది. 2006లో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు కె. శ్రీనాథ్ రెడ్డి ఉస్మానియా వైద్య కళాశాల పూర్వ విద్యార్థి. ఆ ఫౌండేషన్ 2008లో హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌ను నెలకొల్పింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయమూ ఎంపీహెచ్ పెట్టింది. 2022లో సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష మొదలయ్యాక కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశాల్లో చాలా భాగం ఆ పరీక్షకు మళ్లింది. అయినా దేశమంతటికీ ఒకే ఎంపీహెచ్ పరీక్ష లేదు. ఒక్కో చోటికి ఒక్కో ఫీజు, ఒక్కో ప్రయాణం. పల్లె నుంచి వచ్చే దంత వైద్య, నర్సింగ్, ఆయుర్వేద పట్టభద్రులకు ఈ భారం తక్కువేమీ కాదు.

జీఆర్ఈ 1936లో అమెరికాలో పుట్టింది. ఇందులో భాష, గణితం, విశ్లేషణాత్మక రచన ఉంటాయి కానీ ప్రజారోగ్యం అసలు ఉండదు. 2011లో భాష, గణితం విభాగాల మార్కుల కొలమానం 130–170కి మారింది. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపుకు కుదించుకుపోయింది. జీఆర్ఈకి బదులు వైద్య కళాశాలల ఎంక్యాట్, మేనేజ్‌మెంట్ చదువుల జీమ్యాట్ స్కోర్లను ఒప్పుకునే విద్యాలయాలు ముందునుంచీ ఉన్నాయి. 2020లో కోవిడ్‌తో పరీక్ష కేంద్రాలు మూతపడ్డాక అనేక ప్రజారోగ్య విద్యాలయాలు ఏ స్కోరూ అడగడం మానేశాయి, లేదా ఐచ్ఛికం చేశాయి. డిగ్రీ మార్కులు, సిఫారసు లేఖలు, ఉద్దేశ ప్రకటన, పని అనుభవం ముందుకొచ్చాయి. ఇది న్యాయమైన మార్పు. మండలంలో ఇంటింటి జ్వర సర్వే చేసిన నర్సు అనుభవం ఏ బహుళైచ్ఛిక ప్రశ్నకూ అందదు, ఉద్దేశ ప్రకటనలో మాత్రం చెప్పుకోవచ్చు.

జీఆర్ఈ మినహాయింపు ఇంగ్లిష్ పరీక్షకు వర్తించదు. 1964లో మొదలైన టోఫెల్ గానీ, 1989లో వచ్చిన ఐఈఎల్‌టీఎస్ గానీ మన విద్యార్థులను చాలా విద్యాలయాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. డిగ్రీ ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినవారికి కొన్ని చోట్ల సడలింపు ఉంది.