ఎర్రమేడలోని వంకాయ

చైనా సాహిత్యంలో 18వ శతాబ్దపు మహానవల 'ఎర్రమేడ కల'లో కనిపించే వంటకాల్లో అత్యంత ప్రసిద్ధమైనది, 41వ అధ్యాయంలోని వంకాయ వంటకం. నవలాకారుడు చావో షుయెచిన్ తాత చావో యిన్ నాంజింగ్‌లో రాజాస్థానపు పట్టు నేతశాలల అధికారిగా ఉండి, కాంగ్షీ చక్రవర్తికి నాలుగుసార్లు ఆతిథ్యమిచ్చినవాడు, పాకశాస్త్ర గ్రంథాలను సంకలనం చేసినవాడు. తర్వాతి చక్రవర్తి కాలంలో ఆస్తులు జప్తయి ఆ కుటుంబం చితికిపోయినా, ఆ వంటశాల వైభవం ఇంటి జ్ఞాపకంగా మనవడికి అందిందని భావించడం సమంజసం.

నవలలో జియా వంశపు లోగిలికి వచ్చిన పల్లెటూరి ల్యూ అవ్వ, తాను తిన్నది వంకాయంటే నమ్మలేకపోగా, ఇంటి పెత్తనం చేసే కోడలు వాంగ్ షీఫెంగ్ దాని తయారీని వర్ణిస్తుంది. లేత వంకాయల తొక్క తీసి, సన్నగా తరిగి, కోడి కొవ్వులో వేయించి, కోడి మాంసం, పుట్టగొడుగులు, వెదురు మొలకలు, మసాలా పట్టించిన గట్టి సోయా జున్ను, ఎండుపండ్లు చిన్న ముక్కలుగా కోసి చేర్చి, కోడి రసం ఇగిరేదాకా ఉడికించి, నువ్వుల నూనె, మద్యపు మడ్డితో చేసే సువాసన ద్రవం కలిపి, పింగాణీ జాడీలో మూత బిగించి నిల్వ ఉంచాలట. తినేవేళ వేయించిన కోడి ముక్కలు కలపాలట. ఒక్క వంకాయకు పది కోళ్ల దాకా కావాలా అని అవ్వ విస్తుపోతుంది.

1791లో అచ్చయిన ప్రతిలో ఉన్నది ఈ పద్ధతే కాగా, చి లియావోషెంగ్ అనే ఆయన రాసిన ముందుమాటతో లభించిన పాఠంలో మరొకటి ఉంది: వంకాయను వెంట్రుకల్లా సన్నగా చీరి, ఎండబెట్టి, కోడి రసపు ఆవిరిపై ఉడికించి మళ్లీ ఎండబెట్టడం, ఇలా తొమ్మిదిసార్లు. తెలుగింటి వంకాయ ఒరుగులు ఎరిగినవారికి ఈ రెండో పద్ధతిలోని తర్కం వెంటనే బోధపడుతుంది.

1980ల దశకంలో బీజింగ్ ఝోంగ్షాన్ ఉద్యానవనంలోని లాయ్‌జిన్‌యూషువాన్ భోజనశాలలోను, యాంగ్‌జౌ నగరంలోను ఈ నవలా పరిశోధకుల సలహాలతో 'ఎర్రమేడ విందు'లు రూపుదిద్దుకున్నాయి. 35వ అధ్యాయంలోని తామరాకు సూపులో, వెండి అచ్చులతో తీర్చిన పిండి ముక్కలకు తామరాకు పరిమళాన్నీ మంచి రసాన్నీ జోడిస్తే చాలు గనుక, దాన్ని పునఃసృష్టించడం అంత కష్టం కాదు; వంకాయ అలా లొంగలేదు. కొవ్వును విపరీతంగా పీల్చుకునే కాయ కోడి రసంలో మెత్తబడి ముద్దవుతుంది కాబట్టి, అచ్చుప్రతిని అక్షరాలా పాటించేవారికి జిడ్డే మిగులుతుంది.

పాళ్లేవీ చెప్పని షీఫెంగ్ మాటలు పేదరాలి ముందు సంపన్నురాలు వల్లించిన దర్పమే తప్ప పాకవిధానం కావు. వాటిని మొదట పాత్ర స్వభావంగా చదవాలి. ఈ వంకాయను వండితీరాలనుకునేవారు పొయ్యి కంటే ముందు ఎండను చూసుకుని, రెండో పాఠంతో మొదలుపెట్టడం మంచిది.