యాంప్లిఫయర్ లోపల అంటించిన పేరు

ఈ వారం ఎపిసోడ్‌లో ట్యూబ్ యాంప్లిఫయర్ గురించి మాట్లాడాను. టైము చాలక సగం చరిత్ర మిగిలిపోయింది. ఆ మిగిలింది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నా. నేను రచయితని కాదు, ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివినవాణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

మా అబ్బాయికి పదహారేళ్ళు. గిటారు వాయిస్తాడు. ట్యూబ్ యాంప్లిఫయర్ కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు. షాపులో రేట్లు చూసి నాకు కళ్ళు తిరిగాయి. మా సైటులో వైరింగ్ చేసే కుర్రాడొకడు, "మన ఊళ్ళోనే ఒక పెద్దాయన గ్యారేజీలో చేత్తో చేసి ఇస్తాడు, వెళ్ళి చూడండి" అన్నాడు. మేముండేది కాలిఫోర్నియాలో, ఆరెంజ్ కౌంటీలో. ఒక శనివారం అబ్బాయిని తీసుకుని వెళ్ళాను.

గ్యారేజీ తలుపు ఎత్తగానే సోల్డరింగ్ వాసన. ఆ వాసనకి నేను పాలకొల్లు దగ్గర మా ఊరికి వెళ్ళిపోయాను. మా మావయ్యకి మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి, రాములవారి కల్యాణానికి, ఎన్నికలకి అద్దెకి ఇచ్చేవాడు. ఆయన దగ్గర పాతకాలపు వాల్వు యాంప్లిఫయర్ ఒకటుండేది. స్విచ్చి వేసిన వెంటనే పలికేది కాదు. ముందు వాల్వులు ఎర్రబడాలి. చీకట్లో ఆ ఎరుపు చూడ్డానికి పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. సోల్డరింగ్ ఐరన్ నా చేతికి మొదట ఇచ్చింది ఆయనే. "సీసాన్ని కాల్చకురా, తీగని కాల్చు. సీసం దానంతటదే పరిగెడుతుంది" అనేవాడు.

వాల్వు అంటే ఇప్పటి కుర్రాళ్ళకి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. ఇంగ్లండువాళ్ళు వాల్వు అంటే అమెరికావాళ్ళు ట్యూబ్ అన్నారు. రెండూ ఒకటే. గాలి తీసేసిన గాజు బుడ్డి అది. లోపల ఫిలమెంటు వేడెక్కితే కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ప్లేటు మీదున్న పెద్ద వోల్టేజీ వాటిని లాగుతుంది. మధ్యలో గ్రిడ్ అనే సన్నని తీగ చుట్ట ఉంటుంది. మన గోదావరి కాలవకి లాకులు ఎలాగో ఇది అలాగ. లాకు తలుపు కాస్త కదిపితే కాలవ మొత్తం పెరుగుతుంది, తగ్గుతుంది. గిటారు నుంచి వచ్చే చిన్న సిగ్నల్ ఆ తలుపుని కదుపుతుంది. ఇలా మూడు భాగాలున్న ట్యూబ్‌ని 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ చేశాడు. రేడియో, టెలిఫోను, సినిమా మాటలు అన్నీ దాని మీదే పెరిగాయి.

తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చి అన్నిచోట్లా ట్యూబ్‌ని నెట్టేసింది. గిటారువాళ్ళు మాత్రం వదల్లేదు. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తోస్తే శబ్దం అల తల కత్తితో కోసినట్టు తెగుతుంది, చెవికి గరగరమంటుంది. ట్యూబ్‌ని తోస్తే అల మెల్లగా వంగుతుంది, శబ్దం చిక్కబడుతుంది. ఆ చిక్కదనం కోసమే ఈ రోజుకీ జనం డబ్బు పోస్తున్నారు. ఇప్పుడు గిటారు యాంప్లిఫయర్లకి వాడే ట్యూబులు ఎక్కువగా రష్యా, స్లొవాకియా, చైనాల నుంచే వస్తున్నాయి. ఒకప్పుడు మన బెంగళూరులో బి.ఇ.ఎల్. కూడా చేసేది.

ఇక అసలు కథ. మా ఇంటి పక్క ఊరు ఫుల్లర్టన్. లియో ఫెండర్ 1909లో ఆ దగ్గర్లోనే నారింజ తోటల మధ్య పుట్టాడు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. చదివింది అకౌంట్లు. ఎలక్ట్రానిక్స్ తనంతట తానే నేర్చుకున్నాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో లెక్కల ఉద్యోగం పోతే, 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టాడు. పాటగాళ్ళు పాడైన యాంప్లిఫయర్లు ఆయన దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఏది ఎక్కడ పాడవుతుందో అలా తెలిసింది. 1945లో డాక్ కాఫ్‌మన్ అనే స్నేహితుడితో కలిసి స్టీల్ గిటార్లు, చిన్న యాంప్లిఫయర్లు చెయ్యడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది సొంత కంపెనీ పెట్టుకున్నాడు. గిటార్ల చరిత్రలో ఇంత పెద్ద పేరున్న మనిషికి గిటారు వాయించడం రాదు. పాటగాళ్ళకి ఇచ్చి, వాళ్ళు చెప్పింది విని మార్చేవాడు. 1953లో ఫ్రెడ్డీ టవారెస్ వచ్చి చేరాడు. హవాయి దీవుల్లో పుట్టినవాడు, గిటారు బాగా తెలిసినవాడు.

ఆ కాలపు ఫెండర్ యాంప్లిఫయర్లకి సూట్‌కేసులకి వేసే ముతక గుడ్డ అంటించేవారు. ట్వీడ్ యాంప్లిఫయర్లు అంటారు. వాటిలో డీలక్స్ అనేది చిన్నది, బాస్‌మన్ పెద్దది. 1950ల చివర్లో వచ్చిన బాస్‌మన్‌ని చూసే 1962లో లండన్‌లో జిమ్ మార్షల్, ఆయన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ కలిసి మొదటి మార్షల్ యాంప్లిఫయర్ చేశారు. ప్రపంచమంతా రాక్ సంగీతం పేరుతో విన్న శబ్దంలో చాలా భాగం ఈ నారింజ తోటల ఊళ్ళోంచే మొదలైంది.

ఇదంతా నాకు ముందే కొంచెం తెలుసు. తెలియనిది ఆ గ్యారేజీలో చూశాను. పెద్దాయన బల్ల మీద రిపేరుకి వచ్చిన పాత ట్వీడ్ యాంప్లిఫయర్ ఒకటి బోర్లా పడుకోబెట్టి ఉంది. లోపల ఫైబర్ బోర్డు, దాని మీద వరసగా కెపాసిటర్లు, రెసిస్టర్లు. ఒక మూల చిన్న మాస్కింగ్ టేపు ముక్క, రంగు మారిపోయి ఉంది. దాని మీద చేత్తో రాసి ఉంది, లూపే అని.

"ఇదెవరు, ఓనరా?" అని అడిగాను.

"కాదు. దీన్ని వైరింగ్ చేసిన మనిషి" అన్నాడాయన.

ఫెండర్ ఫ్యాక్టరీలో వైరింగ్, సోల్డరింగ్ చేసినవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళలో చాలామంది మెక్సికో మూలాలున్న కుటుంబాలవాళ్ళు. పని అయ్యాక టేపు ముక్క మీద పేరు రాసి లోపల అంటించేవాళ్ళు. తేడా వస్తే ఎవరు చేశారో తెలియాలి కదా. లిలీ, లూపే, గ్లోరియా. పాత యాంప్లిఫయర్లు విప్పినవాళ్ళకి ఈ పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కువగా అంతే, ఇంటిపేరు కూడా ఉండదు.

వీళ్ళు పెరిగిన కాలం ఎలాంటిదో కూడా తెలుసుకోవాలి. ఆరెంజ్ కౌంటీ నారింజ తోటల్లో కాయలు కోసింది ఎక్కువగా మెక్సికన్ కూలీలే. 1936లో వాళ్ళు కూలి పెంచమని పెద్ద సమ్మె చేశారు. ఇక్కడి చాలా ఊళ్ళలో వాళ్ళ పిల్లలకి వేరే బడులు ఉండేవి, తెల్లపిల్లలతో కూర్చోనిచ్చేవారు కాదు. మెండెజ్ అనే కుటుంబం, ఇంకో నాలుగు కుటుంబాలు కలిసి 1945లో కోర్టుకెక్కాయి. 1946లో గెలిచాయి, 1947లో అప్పీలు కోర్టు కూడా వాళ్ళ పక్షమే చెప్పింది. ఫెండర్ కంపెనీ మొదలైందీ, ఇక్కడ ఆ బడుల తలుపులు తెరుచుకున్నదీ ఒకే రోజుల్లో.

1965లో ఫెండర్ తన కంపెనీని సి.బి.ఎస్.కి 13 మిలియన్ డాలర్లకి అమ్మాడు. డబ్బా ముందువైపు ఆయన ఇంటిపేరు అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది. ఆయన గొప్పవాడే, అందులో నాకు అనుమానం లేదు. కానీ డబ్బా వెనక పలక విప్పితే తప్ప లూపే కనపడదు.

ఒక్క పేరు మాత్రం బయటికి వచ్చింది. అబిగైల్ ఇబార్రా. 1956లో ఫెండర్‌లో చేరి గిటారు పికప్‌లకి తీగ చుట్టేది. పికప్ అంటే తీగల కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతం చుట్ట. వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టాలి. 2013లో రిటైర్ అయ్యేదాకా అదే పని. చివరి ఏళ్ళలో పెద్ద పెద్ద గిటారిస్టులు ఆవిడ చుట్టినవే కావాలని అడిగి, ఆవిడ సంతకం చేసినవి కొనుక్కున్నారు. అరవై ఏళ్ళకి దగ్గరగా పనిచేస్తే ఒక మనిషి పేరు బయటికి వచ్చింది.

ఒక్క మనిషి కూర్చుని ఆర్డరు మీద చేసే యాంప్లిఫయర్ల కథ ఇంకో రకం. లాస్ ఏంజెలస్‌లో అలెగ్జాండర్ డంబుల్ అనే ఆయన ఉండేవాడు. వాయించేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, విని, ఆ చేతికి తగ్గట్టు చేసేవాడు. దర్జీ కొలతలు తీసుకున్నట్టు. ఎవరూ కాపీ కొట్టకుండా సర్క్యూట్ మీద గట్టిపడే జిగురు పోసి కప్పేసేవాడు. 2022లో పోయాడు. ఆయన చేసినవి ఇప్పుడు లక్ష డాలర్లు దాటి అమ్ముడుపోతున్నాయి. న్యూజెర్సీలో కెన్ ఫిషర్ చేసిన ట్రెయిన్‌రెక్ యాంప్లిఫయర్లకి సీరియల్ నంబర్లు ఉండవు, ఒక్కోదానికీ ఒక ఆడపేరు. అదే డబ్బాకి ఆడపేరు పెడితే ఖరీదు, ఆడమనిషి చేసి పేరు రాస్తే టేపు ముక్క. ఇది చదివిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మా బేరానికి వస్తాను. పెద్దాయన తల్లిదండ్రులు కూడా మెక్సికో నుంచి తోటల్లో పనికి వచ్చినవాళ్ళే. మా అబ్బాయి వాయించింది ఒక అరగంట విని, డీలక్స్ పద్ధతిలో చిన్నది చాలన్నాడు. నా చేతులు చూసి, "మీకు సోల్డరింగ్ వచ్చా?" అన్నాడు. ఒకప్పుడు వచ్చన్నాను. "అయితే నాలుగు శనివారాలు రండి, కూలి తగ్గిస్తాను" అన్నాడు.

సూపర్‌వైజర్ అయ్యాక నా చేతికి పనిముట్టు తగలడం మానేసింది. పొద్దున్న మనుషుల్ని లెక్కపెట్టడం, సాయంత్రం రిపోర్టు రాయడం. మొదటి శనివారం చెయ్యి వణికింది, అతుకు చల్లగా, బొబ్బలా వచ్చింది. ఆయన చూసి, ముందు తీగని వేడి చెయ్యి, సీసం తర్వాత అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు, నాకు మావయ్య గొంతే వినపడింది. ఇంకో మాట కూడా మా అబ్బాయికి గట్టిగా చెప్పాడు. మీరూ వినండి. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకి పైగా నిలవుండొచ్చు. రెసిస్టర్ పెట్టి దింపి, మీటరుతో చూసుకోకుండా చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. తెలియనివాళ్ళు విప్పకండి.

నాలుగో శనివారం స్విచ్చి వేశాం. ట్యూబులు ఎర్రబడ్డాయి. మా అబ్బాయి తీగ మీద చెయ్యి వేశాడు. వాడి మొహం చూస్తే నాకు డబ్బు సంగతి గుర్తు రాలేదు. వెనక పలక బిగించే ముందు పెద్దాయన మాస్కింగ్ టేపు ముక్క చింపి తన పేరు రాశాడు. ఇంకో ముక్క చింపి పెన్నుతో సహా నాకిచ్చాడు. "సగం బోర్డు మీది. లోపల ఓనరు పేరు రాయకూడదు, చేసినవాడి పేరే రాయాలి" అన్నాడు.

నేను కాసేపు అలాగే ఉన్నాను. మా మావయ్య 2008లో పోయాడు. అప్పుడు కువైట్‌లో ఉన్నాను. పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ దగ్గర, సెలవు ఇవ్వలేదు. ఫోనులో ఏడుపులు విన్నాను, అంతే. ఆయన బోర్డు మీద చెయ్యి పెట్టలేదు నిజమే. కానీ ఆ అతుకులు వేసిన చెయ్యి ఆయన నేర్పింది. టేపు మీద తెలుగులో ఆయన పేరు రాశాను, కింద చిన్నగా నాది. పెద్దాయన ఆ అక్షరాలు చూసి ఏమిటని అడగలేదు. అంటించి పలక బిగించేశాడు.

కువైట్‌లో నేను పనిచేసిన మూడు టవర్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి ముందు ఓనర్ల పేర్లు పెద్ద అక్షరాల్లో వెలుగుతుంటాయి. లోపల కండ్యూట్లు లాగిన మా ఎనిమిది మందీ కంపెనీకి బతాకా నంబర్లు. ఇక్కడ నా డైలీ రిపోర్టులో కూడా మొన్నటిదాకా "ఎలక్ట్రీషియన్లు 6, హెల్పర్లు 4" అనే ఉండేది. రాసింది నేనే, ఇంకెవరినీ అనడానికి లేదు. ఆ శనివారం తర్వాత సోమవారం నుంచి పేర్లు రాస్తున్నా. రోజూ ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతకంటే ఖర్చేమీ లేదు.

మీరు కట్టినవాటిలో, మీతో పనిచేసినవాళ్ళ పేర్లు మీకు ఎన్ని గుర్తున్నాయి? కూర్చుని ఒక కాగితం మీద రాయండి. మాకు వాయిస్ మెసేజీ పంపితే వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఇంటిపేరు గుర్తు లేకపోయినా పరవాలేదు. లూపే అన్నంత రాసినా చాలు.